ఎనిమిదో నెల చీటీ

మీలో కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టినవాళ్ళు ఉంటే మీ ఓపీ చీటీలు ఒకసారి తీసి చూసుకోండి. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, కాళ్ళూ చేతులూ అని ఒకదాని కింద ఒకటి రాసి, పక్కన పెద్ద బ్రాకెట్టు గీసి, దాని ముక్కు దగ్గర 'నార్మల్' అని ఒక్క మాట రాసి ఉంటుంది. నేనూ ముప్పై రెండేళ్ళు అలాగే రాశాను. చేయి దానంతట అదే గీసేది. వరండాలో అరవై మంది పిల్లలు ఏడుస్తుంటే ఆ బ్రాకెట్టంత సుఖం ఇంకోటి లేదు.

నేను చెప్పబోయేది అలాంటి ఒక బ్రాకెట్టు గురించి. ఇది గొప్ప కేసు కాదు, నేను గెలిచిన కేసు అసలే కాదు. నేను రిటైరైన రోజు నలుగురూ నా గురించి మంచి మాటలు చెబుతుంటే, లేచి ఈ సంగతి చెబుదామనే అనుకున్నాను. శాలువా కప్పేసరికి దండం పెట్టి కూర్చున్నాను. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

నందిగామలో ఓ పది పడకల పిల్లల ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. జగ్గయ్యపేట నుంచి ఒక బస్సు, కంచికచర్ల వైపు నుంచి ఒక బస్సు కలిసి వచ్చాయంటే మా వరండాలో నిలబడడానికి చోటుండేది కాదు. నాతో పాటు ఒక సీనియర్ సిస్టర్ ఉండేది. నాకన్నా రెండేళ్ళు పెద్ద. మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. నా ముందు నోరు విప్పని తల్లులు ఇంజెక్షన్ గదిలో ఆమెకు అన్నీ చెప్పుకునేవాళ్ళు. నాకు అదో చిన్నతనంగా కూడా ఉండేది.

ఒకరోజు జగ్గయ్యపేట నుంచి ముగ్గురు వచ్చారు. ముందు నడుస్తున్నావిడ మూడున్నర అడుగుల మనిషి. కాళ్ళూ చేతులూ పొట్టి, తల కాస్త పెద్దది, నుదురు ముందుకు. కళ్ళు మాత్రం మహా చురుకు. ఇంట్లో జాకెట్లు కుడుతుందట, పెడలు ఎత్తు పెంచి మిషను చేయించుకుందట. వెనకాల ఆమె తల్లి, మామూలు ఎత్తు మనిషి. ఆ అమ్మమ్మ చేతుల్లో ఐదు నెలల ఆడపిల్ల. పిల్ల తండ్రి ముక్త్యాల సిమెంటు లారీ మీద డ్రైవరు. ఆయన్ని నేను రెండుసార్లు చూశానేమో.

"నాలాగే పుట్టిందండి. మీరేం కంగారుపడమాకండి," అంది ఆ టైలరమ్మ. నాకే ధైర్యం చెప్పింది.

ఇక్కడ కొంచెం వైద్యం చెప్పక తప్పదు. ఇలాంటి పిల్లలకు కాళ్ళ ఎముకలూ చేతుల ఎముకలూ పొడవు సాగవు. బుద్ధికి ఏ లోటూ ఉండదు. అయితే పుర్రె అడుగున ఒక రంధ్రం ఉంటుంది, మెదడు కాండం కిందికి దిగి వెన్నుపాముగా మారేది అందులోంచే. కొందరిలో ఆ రంధ్రం ఇరుకుగా ఏర్పడుతుంది. మొదటి రెండేళ్ళలో అక్కడ నరం నలిగితే కాళ్ళు బిగుసుకుపోవచ్చు, నిద్రలో ఊపిరి ఆగిపోవచ్చు. వేళకు కనిపెడితే సర్జన్ మెడ వెనక నుంచి కొంత ఎముక తీసేసి దారి వెడల్పు చేస్తాడు. ఆలస్యమైతే నలిగిన నరం మళ్ళీ లేవదు. ఇంతే. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

విజయవాడ వెళ్ళి మెడకు స్కాన్ తీయించమన్నాను.

"స్కానుకి మత్తియ్యాలంటగా. నాకే స్కానూ తియ్యలేదండీ. నేను బతకలేదా?" అంది టైలరమ్మ.

ఆ మాటకు జవాబు ఉంది. ఆమెలా పుట్టి, ఏడాది నిండకుండా నిద్రలోనే పోయినవాళ్ళు ఎవరూ వచ్చి నా ముందు కుర్చీలో కూర్చోరు. ఆ జవాబు నాకు తెలుసు, నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఆమె నిక్షేపంగా కూర్చుని నవ్వుతుంటే నాకే నమ్మకం కలిగింది. సరే, ముందుముందు చూద్దాం అన్నాను. మీరు కూడా ఏదో ఒక రోజు ఇలాగే అంటారు. అన్నప్పుడు నన్ను గుర్తు చేసుకోండి.

స్కాను విషయంలో మెత్తబడినవాణ్ణి ఇంకో విషయంలో గట్టిగా ఉండాలనుకున్నాను కాబోలు. స్నానం ఎలా చేయిస్తున్నారని అడిగాను.

ఆ అమ్మమ్మ వాళ్ళ వీధిలో పసిపిల్లలకు నీళ్ళు పోసే మనిషి. ఏ ఇంట్లో పురుడు వచ్చినా మూడో నెల దాకా ఆమే వెళ్ళాలి. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, కాళ్ళూ చేతులూ సాగదీసి, తల గుండ్రంగా రావాలని అరచేతులతో నొక్కి, చివర్లో వేడినీళ్ళు చెంబులతో పోసేది. ఎన్ని వందల మందికి పోసిందో ఆమెకే తెలియదు. నా కళ్ళెదుట బిడ్డను కాళ్ళ మీద వేసుకుని సంబరంగా చూపించింది. అంత పెద్ద తలున్న బిడ్డను ఒంటిచేత్తో ఎత్తేసరికి మెడ వెనక్కి వాలింది.

"ఆపు," అని అరిచాను. "ఇంకోసారి కాళ్ళ మీద వేసుకున్నావంటే పిల్ల చచ్చిపోతుంది. ఆ పాపం నీదే అవుతుంది."

మెడ విషయంలో జాగ్రత్త చెప్పడం తప్పు కాదు. ఈ పిల్లల మెడ వెనక్కి వాలకూడదు, దిండ్లు పెట్టి తొందరపడి కూర్చోబెట్టకూడదు. ఈ మాట ఇప్పటికీ చెబుతాను. చెప్పిన తీరు వేరు. నాకన్నా పెద్ద మనిషిని నువ్వు అన్నాను, పదిమందిలో పాపం అన్నాను. ఆమె బిడ్డను మెల్లగా గుండెకు ఆనించుకుని, "అట్టాగే బాబూ," అంది. ఆ తరవాత ఆసుపత్రిలో ఆమె నాతో సూటిగా మాట్లాడింది ఒక్కసారే.

అది ఎనిమిదో నెలలో. పిల్లకు జలుబు, దగ్గు. సోమవారం, వరండా నిండా జనం. నేను గొట్టం చెవులకు పెట్టుకుని ఛాతీ వింటున్నాను. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది.

"బాబూ, దీని కాళ్ళు మునుపట్లా లేవు," అంది అమ్మమ్మ. "మొదట్లో వెన్నముద్దలాగుండేయి. ఇప్పుడు లాగితే ఎదురు తంతున్నయి. పాదం ఇట్టా పైకి నొక్కిపెడితే మిషను సూది కొట్టుకున్నట్టు కొట్టుకుంటంది."

పుస్తకాల్లో ఈ లక్షణానికి ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీ మొత్తం ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. వెన్నుపాము పైన ఎక్కడో నలుగుతోందని చెప్పే గుర్తు అది. నేను చేయవలసిందల్లా గొట్టం పక్కన పెట్టి, పిల్ల పాదాన్ని నా అరచేతిలోకి తీసుకుని ఒకసారి పైకి నొక్కడం. పది సెకన్ల పని.

నాకు వినిపించింది మాత్రం వేరే.

"లాగితే అంటున్నావు. అంటే మళ్ళీ కాళ్ళ మీద వేసుకుని లాగుతున్నావన్నమాట. నేను చెప్పింది ఏమయింది?"

ఆమె కూతురి వంక చూసింది. కూతురు ఆమె వంక చూసింది. "లేదు బాబూ, ఊరికే అన్నా," అని వెనక్కి తగ్గింది. ఏడ్చే పిల్ల కాళ్ళు బిగుసుకోక ఏం చేస్తాయిలే అని నాకు నేనే చెప్పుకుని చీటీ రాశాను. ఛాతీ, గుండె, పొట్ట, కాళ్ళూ చేతులూ. బ్రాకెట్టు. నార్మల్. తలుపు దగ్గర నిలబడి ఉన్న సిస్టర్ నా వంక ఒకసారి చూసి, తరవాతి నంబరు పిలిచింది.

నెల తిరక్కుండా టీకా కోసం వచ్చారు. సూది వేసేది సిస్టరే కాబట్టి నా దగ్గరికి రావలసిన పని లేదు. కాసేపటికి సిస్టర్ నా గదిలోకి వచ్చింది.

"సార్, ఆ పిల్లని మధ్యాహ్నం దాకా ఉంచుకుందాం."

"టీకాకి ఉంచడమెందుకు?"

"నిద్రపోయినప్పుడు చూద్దాం సార్. వాళ్ళమ్మమ్మ చెప్పింది, నిద్దట్లో ఊపిరి ఆగుద్దంట. మళ్ళీ ఉలిక్కిపడి తెచ్చుకుంటదంట. మీతో చెప్పొద్దంది."

ఆ చివరి మాట నాకు గుచ్చుకోవలసినంత గుచ్చుకోలేదు అప్పుడు. సరే అన్నాను.

మధ్యాహ్నం పాలు తాగి పిల్ల పడుకుంది. బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించి నేనూ సిస్టరూ చెరో పక్కన కూర్చున్నాం. మొదటి పావుగంట ఏమీ లేదు. పొట్ట ఎగసి పడుతోంది, క్లిప్పు తొంభై ఆరు చూపిస్తోంది. నేను లేవబోతుండగా పొట్ట ఆగింది. గురక లేదు, పెనుగులాట లేదు, ఊపిరి తీసుకోవాలన్న సంగతే ఆ ఒంటికి గుర్తు లేనట్టుంది. సిస్టర్ వాచీ చూస్తూ పెదాలతో లెక్కపెడుతోంది. క్లిప్పు మీద అంకె పడిపోతోంది. తొంభై. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది. పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. నేను అరికాలు గిల్లడానికి చేయి చాచేలోపు పిల్ల ఒళ్ళంతా జలదరించి పెద్ద ఊపిరి తీసింది.

అరగంటలో అలా నాలుగుసార్లు జరిగింది.

అప్పుడు పాదం పట్టుకున్నాను. నిద్రలో ఉన్న పిల్ల, ఏడుపు సాకు లేదు. పైకి నొక్కితే పాదం నా అరచేతిలో టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మిషను సూది కొట్టుకున్నట్టు. ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు.

అమ్మమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని అడిగాను.

ఆమె నన్ను చూసింది, కూతుర్ని చూసింది. "నాకేం తెలుసు బాబూ. నేను ముట్టుకోవట్లా," అంది.

అంబులెన్సులో నేనూ వెళ్ళాను. కంచికచర్ల దాటేలోపు రెండుసార్లు ఊపిరి ఆగింది, రెండుసార్లూ అరికాలు గిల్లి తెప్పించాను. విజయవాడలో సర్జన్ నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, మంచి చేయి. మత్తు ఇచ్చి స్కాన్ తీశారు. ఫిల్ము లైటుకు పెట్టి చూపించాడు. చిటికెన వేలంత దారిలో నరం నొక్కుకుపోయి ఉంది. నొక్కుకున్న చోట తెల్లటి మచ్చ. నరం అప్పటికే దెబ్బతిందని ఆ మచ్చకు అర్థం. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అన్నాడు.

కాగితాలు కావాలంటే టైలరమ్మ చీరల షాపు కవరు తెరిచి అన్నీ వరసగా తీసి ఇచ్చింది. జాకెట్ల కొలతలు రాసుకునే మనిషి కదా, ఒక్క చీటీ కూడా పోగొట్టలేదు. సర్జన్ ఒక్కొక్కటే చూస్తూ ఎనిమిదో నెల చీటీ దగ్గర ఆగాడు.

"అప్పటికి కాళ్ళు నార్మల్ అని రాశారు సార్. మీరు చూశారు కదా?"

వరండాలో మేం నలుగురమే ఉన్నాం. నేనూ, ఆయనా, తల్లీ, అమ్మమ్మా.

"చూశాను. అప్పటికి బాగానే ఉన్నాయి," అన్నాను.

ముప్పై రెండేళ్ళలో నేను ఆడిన అబద్ధాల్లో ఇంత పొట్టిది లేదు.

"అంటే ఈ నెలలోనే వచ్చిందన్నమాట," అన్నాడు ఆయన. "మెడకేమైనా దెబ్బ తగిలిందా అమ్మా? ఎవరైనా గట్టిగా విదిలించడం, లాగడం?"

టైలరమ్మ మెల్లగా తల తిప్పి తల్లిని చూసింది. "అమ్మా. నువ్వు మళ్ళీ నీళ్ళు పోసావా?"

ముసలామె అబద్ధం ఆడలేదు. "పోసా. మెడ మాత్రం అరచేతిలోనే ఉంచానే. డాక్టరుగారు చెప్పిన కాణ్ణుంచి ఒక్క రోజు కూడా వాల్చలా."

టైలరమ్మ నా వంక చూసింది. ఇంకా సమయం ఉంది. ఈమె నాకు నెల కిందటే చెప్పింది, నేను వినలేదు. రెండే మాటలు. నేను ఏమన్నానంటే, "నేను మొదటే చెప్పాను కదమ్మా," అన్నాను. అది నిజమే. అందుకే అనగలిగాను.

ఆపరేషన్ నాలుగు గంటలు పట్టింది. సర్జన్ బయటికి వచ్చి మాస్కు కిందికి లాగి, "ఊపిరి దక్కింది. కాళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేను. ఒక్క నెల ముందు వచ్చి ఉంటే," అని ఆగి, చేయి ఊపి వెళ్ళిపోయాడు.

టైలరమ్మ తన తల్లి దగ్గరికి వెళ్ళి నిలబడింది. కూర్చున్న తల్లీ, నిలబడ్డ కూతురూ ఒకే ఎత్తులో ఉన్నారు. గొంతు పెంచలేదు. "ఇంక నా పిల్లని ముట్టుకోమాక," అంది. నేను వినబడనట్టు వెళ్ళి క్యాంటీన్లో టీ తాగాను. టీ బాగుందని కూడా గుర్తుంది నాకు. సిగ్గుపడాల్సిన రోజుల్లోంచి ఇంత చిన్న చిన్నవే గుర్తుంటాయి.

పిల్ల బతికింది. నిద్రలో ఊపిరి మళ్ళీ ఎప్పుడూ ఆగలేదు. చేతులు బాగుపడ్డాయి. కాళ్ళు మాత్రం కత్తెరలా బిగుసుకునే ఉండిపోయాయి. వాకరు పట్టుకుని గదిలో నాలుగడుగులు, అంతే. ఏడాదికి రెండుసార్లు చూపించడానికి తెచ్చేవాళ్ళు. తెచ్చేది టైలరమ్మ ఒక్కతే. మూడున్నర అడుగుల మనిషి ఆ పిల్లను చంకనేసుకుని బస్సు మెట్లు ఎలా దిగేదో నేను ఎప్పుడూ కిటికీలోంచి చూడలేదు, చూడకుండా జాగ్రత్తపడ్డాను. మీ అమ్మగారు ఎలా ఉన్నారని ఒకసారి అడిగాను. "ఉంది," అంది. ఆ తరవాత అడగలేదు.

సిస్టర్ ఒకే ఒక్కసారి ఆ సంగతి ఎత్తింది, తను రిటైరయ్యే వారంలో. "సార్, ఆ ముసలామె ఆ రోజు మీకు చెప్పింది. నేను అక్కడే ఉన్నా."

"మరి నువ్వే చెప్పలేకపోయావా వాళ్ళతో?" అన్నాను, కోపంగా.

"నేను చెప్తే మీ మీద చాడీ చెప్పినట్టుంటది సార్. మీరు చెప్తేనే ఆ తల్లి నమ్ముద్ది." మందుల అలమరా తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నేను రిటైరై మూడేళ్ళయింది. పోయిన నెల జగ్గయ్యపేట బస్సు ఎక్కాను. ఎందుకు ఇన్నాళ్ళు పట్టిందని మీరు అడుగుతారు. మొదట్లో కేసు పెడతారేమోనని భయం. తరవాత పరువు. ఆ తరవాత, ఇంత ఆలస్యంగా చెప్పి ఏం లాభం అని. ఒక్కో కారణం అరిగిపోగానే ఇంకోటి దొరికేది.

ముందు గదిలో మిషను చప్పుడవుతోంది. పిల్లకిప్పుడు తొమ్మిదేళ్ళు, పొట్టి కుర్చీలో కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. చక్కగా కుడుతోంది. నన్ను చూసి, "అమ్మా, డాక్టరు గారు," అంది. టైలరమ్మ లేచి నిలబడడానికి గోడ పట్టుకుంది. నాలుగడుగులేస్తే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయట, నడుం పనిచేయడం లేదట. ఎనిమిదేళ్ళుగా పిల్లను ఎత్తేదీ, కూర్చోబెట్టేదీ, స్నానం చేయించేదీ తనే. ఇంకో మనిషి చేయి పడనివ్వలేదు. అలాంటి ఎముకలున్న మనిషి బరువులు మోస్తే నడుం దగ్గర నరం నలుగుతుందని నాకు తెలుసు. అదీ నాకు తెలుసు.

మీ అమ్మగారిని చూడాలన్నాను. ఆమె వెనక గది చూపించింది.

ముసలామె మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. గుర్తుపట్టింది. ఆ వీధిలో ఎవరికీ నీళ్ళు పోయడం లేదట, విజయవాడ నుంచి వచ్చినప్పటి నుంచీ. సొంత మనవరాలినే అవిటిదాన్ని చేసిందని జనం చెప్పుకున్నాక ఎవరు పిలుస్తారు? నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చెప్పవలసింది చెప్పాను.

"ఎనిమిదో నెలలో మీరు చెప్పారమ్మా, కాళ్ళు కొట్టుకుంటున్నాయని. నేను పట్టి చూడలేదు. చూడకుండానే బాగున్నాయని రాశాను. విజయవాడలో అబద్ధం చెప్పాను. మీ చేతుల వల్ల కాదు. అసలు కనిపెట్టింది మీ చేతులే."

ఆమె ముఖంలో నేను అనుకున్నదేదీ కనబడలేదు. కోపం లేదు, ఏడుపు లేదు.

"నాకు తెలుసు గదా బాబూ," అంది. "చెప్పాల్సింది నాకు కాదు."

అప్పటికే మిషను చప్పుడు ఆగిపోయి ఉంది. టైలరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ రోజు ఆపరేషన్ కాడ మీకు తెలుసా అండీ ఇదంతా?"

"తెలుసమ్మా."

ఆమె లోపలికి వెళ్ళి ఆ చీరల షాపు కవరు తెచ్చింది. వెతకలేదు. వేలు పెట్టగానే ఆ చీటీ వచ్చింది. నా చేతిలో పెట్టింది.

"దీన్ని నమ్మి మా అమ్మని పరాయిదాన్ని చేసా. ఇది మీరే తీసుకుపోండి."

నేను లేచాను. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. టైలరమ్మ నన్ను దాటుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. తల్లి వంక చూడకుండా అంది.

"అమ్మా. సాయంత్రం దానికి నువ్వు పోద్దువుగాని నీళ్ళు."

ముసలామె దుప్పటి కిందనుంచి రెండు చేతులూ పైకి తీసింది. తీసి ఒళ్ళో పెట్టుకుంటే అవి ఆగకుండా వణుకుతున్నాయి. మేమిద్దరం చూసేదాకా వాటిని అలాగే ఉంచింది.

"ఇంకెక్కడ పోస్తానే," అంది. "చెంబు నిలవట్లా."